వృత్తి మార్పు – ధైర్యము

అలవడిన జీవనవృత్తిని విడిచి నూతనమార్గమున అడుగిడుట ఎంతటి ధీరునకైనను భయము గొల్పును. ఆ భయము సహజమే. దానికి లొంగనివారును మన చరిత్రలో లేకపోలేదు. అట్టివారిలో ప్రకాశముగా రొకరు.

ఒంగోలులో తల్లి పూటకూళ్ల యిల్లు నడిపి పోషింపగా పెరిగిన టంగుటూరి ప్రకాశముగారు, రాజమహేంద్రవరమున రెండవ తరగతి ప్లీడరుగా ధనమును, కీర్తిని గడించి, పురపాలక సంఘాధ్యక్ష పదవిని సైతము అలంకరించియు, హైకోర్టున వాదించుటకు ఆ పట్టా చాలదని గ్రహించి, ముప్పదియేండ్లు దాటిన వయసున, సముద్రయానమును ధర్మవిరుద్ధముగా నెంచు సంఘమునకు వెఱవక, 1904లో ఇంగ్లండునకు పయనమై బారిష్టరై తిరిగివచ్చిరి.

మదరాసున న్యాయవాదిగా ఆయన ఆర్జన విశేషము. అట్టి వృత్తిని సహాయనిరాకరణోద్యమవేళ త్యజించి, 1921లో ‘స్వరాజ్య’ పత్రికను నెలకొల్పిరి. అసలు పరీక్ష ఇచ్చటనే యెదురయ్యెను. న్యాయస్థానమున వాదించుట వేఱు, దినపత్రికను నడుపుట వేఱు. కాగితమునకు, అచ్చునకు, జీతములకు తాను గడించినదంతయు ధారపోసినను అప్పులు తీరలేదు. తుదకు పత్రిక నిలిచిపోయెను. అది పరాజయమే, సందేహము లేదు; అయినను అది ఆయనను ప్రజాసేవనుండి మరలింపజాలలేదు. 1953 అక్టోబరు 1న అవతరించిన ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రి ఆయనయే.

వృత్తి మార్పు తలపెట్టి, ఒకటి రెండు ఎదురుదెబ్బలకే వెనుదిరుగ జూచుచున్న యువజనులు, ఆయన స్వీయచరిత్రయగు ‘నా జీవిత యాత్ర’ను ఒకమారు శ్రద్ధతో చదువవలెనని నా ప్రార్థన.