తడి నేల చిన్న పువ్వు



సీతాఫల్‌మండి పేరులో పండు ఉంది. ఈ పూట ఒక పువ్వు సంగతి విందాం.

పెళ్లి వేదికల మీద ఊదారంగు పూలు కడతారు, చూశారా? వాటిని ఆర్కిడ్ పూలు అంటారు. ఐస్‌క్రీములో వేసే వెనీలా కూడా ఆ కుటుంబానిదే. చాలా ఆర్కిడ్లు చెట్ల కొమ్మల మీద పెరుగుతాయి. కొన్ని మాత్రం నేల మీదే మొలుస్తాయి. జ్యూక్సిన్ అట్లాంటిది.

ఇది జానెడు మొక్క. ఆకులు గడ్డి పోచల్లా సన్నగా ఉంటాయి. చలికాలంలో చిన్న కంకి వేస్తుంది. పూలు తెల్లన, మధ్యలో పసుపు. పూసినప్పుడే అది గడ్డి కాదని తెలుస్తుంది. మన దేశంలో చెరువు ఒడ్డున, వరి మడి గట్టున, తడి గడ్డిలో ఉంటుంది. లిన్నేయస్ అనే శాస్త్రవేత్త 1753లోనే దీని గురించి రాశాడు.

దీని గింజ దుమ్ములా ఉంటుంది. వడ్ల గింజలో మొలకకు తిండి ఉంటుంది. ఈ గింజలో ఉండదు. మట్టిలో ఒక రకం బూజు ఉంటుంది. అదే మొలకకు తిండి పెడుతుంది. అంటే ఏమిటి? గింజకు బూజు కావాలి. బూజుకు తడి మట్టి కావాలి. తడికి చెరువు కావాలి. చెరువు పూడిస్తే మూడూ పోతాయి.

“పువ్వు పోతే మాకేం?” అంటారేమో. పువ్వుతోనే ఆగదు. వాన నీరు నిలిచే చోటు పోతుంది. బోర్లు ఎండుతాయి. పెద్ద వాన వస్తే నీరు ఇళ్లలోకి వస్తుంది. 2020 అక్టోబరులో హైదరాబాదు బస్తీలు ఎట్లా మునిగాయో తెలుసు కదా!

పోయిన చెరువు తిరిగి వస్తుందా? అంబర్‌పేటలో బతుకమ్మ కుంట ఉంది. చెత్త, మట్టి పోసి దాన్ని పూడ్చేశారు. 2025లో తవ్వితే నీళ్లు పైకి వచ్చాయి. ఇప్పుడది మళ్లీ కుంట అయింది.

నీరు వస్తే చాలదు. ఒడ్డంతా సిమెంటు వేస్తే గడ్డి మొలవదు. కొంత మట్టి ఒడ్డు వదలాలి. అక్కడ చెత్త పోయకూడదు.

ఈ చలికాలం చెరువు గట్టుకు పోతే, వంగి గడ్డిలో చూడండి. పిల్లలకూ చూపండి. కనబడితే పీకకండి. ఆ నేలలో ఇంకా తడి ఉందని అది చెబుతోంది.