కొన్న పరికరము – కొనని డ్రైవరు
(మునిర్కాలో సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

 

మునిర్కా గ్రామపు ఇరుకు గదులలో అద్దెకుండి చదువుకొను ఇంజనీరింగు విద్యార్థుల బల్లపై డీబగ్గరు అను చిన్న పరికరము కనబడుట నేడు వింత కాదు. దాని ఒక కొన యూఎస్‌బీ తీగతో కంప్యూటరునకు, రెండవ కొన సర్క్యూటు బోర్డునకు తగిలింపబడును. ప్రాసెసరును అడుగడుగున ఆపి, లోపల జరుగునది చూపుట దాని పని. నాడి చూచు వైద్యునితో పోల్చవచ్చును.

ఈ పనికి పేరెన్నిక గన్న ప్రోగ్రాము ఓపెన్ ఓసీడీ. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో డొమినిక్ రాత్ అను విద్యార్థి 2005లో తన డిప్లొమా పరిశోధనగా దీనిని ప్రారంభించెను. దాని లైసెన్సు జీపీఎల్. ఎవరైనను వాడుకొనవచ్చును, మార్చవచ్చును, పంచిపెట్టవచ్చును. పంచునపుడు మాత్రము సోర్స్ కోడును సైతము అవే షరతులపై ఇయ్యవలెను.

చిక్కు ఇచ్చటనే. ఇట్టి పరికరములు పెక్కింటిలో గ్లాస్గోలోని ఎఫ్‌టీడీఐ సంస్థ చిప్పు ఉండును. ఆ సంస్థ ఇచ్చు లైబ్రరీ యొక్క సోర్స్ కోడు గోప్యము. రెంటిని జోడించి స్వంతమునకు వాడుకొనిన తప్పు లేదు. జోడించినదానిని పొరుగువాని కిచ్చుట లైసెన్సునకు విరుద్ధము. దస్త్రముల నడుమ బ్రతుకువారికి ఇట్టి మినహాయింపులు క్రొత్త కావు! అందుచే ఓపెన్ ఓసీడీ రచయితలు లిబ్‌యూఎస్‌బీ అను స్వేచ్ఛా లైబ్రరీ నాశ్రయించిరి.

విండోస్‌లో అది పనిచేయవలెనన్న సాధారణముగా మైక్రోసాఫ్టువారి విన్‌యూఎస్‌బీ డ్రైవరును అమర్చవలెను. జాడిగ్ అను ఉపకరణము ఆ మార్పు చేయును. కాని పిదప తయారీదారుని ప్రోగ్రాము ఆ పరికరమును గుర్తింపదు. ఒక కుర్చీలో ఇద్దరధికారులు కూర్చుండజాలరు గదా! లినక్సులో ఈ బాధ తక్కువ.

డ్రైవరు ఒకరి గుప్పిట నుండిన ఏమగునో 2014 అక్టోబరులో తేలెను. విండోస్ అప్‌డేటు ద్వారా వచ్చిన ఎఫ్‌టీడీఐ డ్రైవరు నకిలీ చిప్పుల గుర్తింపు సంఖ్యను సున్నగా మార్చివైచెను. పరికరములు మూగవోయెను. నకిలీ చేసినవాడు దోషియే; శిక్ష మాత్రము తెలియక కొన్నవానికి పడెను. నిరసనలు చెలరేగిన పిదప ఆ డ్రైవరు ఉపసంహరింపబడెను.

భారత ప్రభుత్వము 2015లో ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరు విధానమును ప్రకటించెను. అది సర్వర్లకే చెందినదని తలచుట పొరపాటు. ప్రయోగశాలకు పరికరము కొనునపుడు టెండరులో ధర, హామీలతో పాటు డ్రైవరు సోర్స్ కోడు లభించునా, తయారీదారు మానుకొన్నచో మరియొకరు సవరింపగలరా అనియు అడుగవలెను. ఐ.ఐ.టి. మద్రాసువారి స్వదేశీ ప్రాసెసరగు శక్తిని ఆర్టీ బోర్డుపై పరీక్షించువారు వాడునది ఓపెన్ ఓసీడీయే. ఆ బోర్డుపై నున్నదియు ఎఫ్‌టీడీఐ చిప్పే.