తిరిగొచ్చే డిపాజిట్, తిరిగిరాని డిపాజిట్

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడటానికి నాకంటే సమర్థులు ఈ వేదిక మీద ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం "మీ అమెరికా అనుభవాలు నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. అక్కడి రోడ్ల గురించి, మంచు గురించి మీరు వినే ఉంటారు. చాలామంది చూసే వచ్చారు. అందుకని నేనొక చిన్న విషయం ఎంచుకున్నాను. పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు వాళ్ళు మనల్ని ఓడ మీద విహారానికి, అంటే క్రూయిజ్‌కి, తీసుకెళ్తామంటారు. ఆ గది బుక్ చేసేటప్పుడు తిరిగొచ్చే డిపాజిట్ కట్టాలా, తిరిగిరాని డిపాజిట్ కట్టాలా అన్న ప్రశ్న వస్తుంది. ముప్పై నాలుగేళ్ళు ఆడిట్ శాఖలో పనిచేసి, ఊరివాళ్ళ లెక్కల్లో తప్పులు పట్టినవాణ్ణి నేను. ఈ చిన్న లెక్కలో పెద్ద తప్పు చేశాను. అది చెప్పుకోవడానికే నిలబడ్డాను.

ముందుగా పద్ధతి చెబుతాను. ఓడలో గది కొన్ని నెలల ముందే బుక్ చేసుకుంటారు. అప్పుడు మొత్తం సొమ్ము కట్టనక్కరలేదు. మనిషికి ఇంత అని కొంత డిపాజిట్ కడితే గది మన పేరున ఉంచుతారు. మిగతాది, వారం రోజుల ప్రయాణమైతే, సాధారణంగా ఓడ బయలుదేరడానికి మూడు నెలల ముందు కట్టాలి. దానిని ఫైనల్ పేమెంట్ అంటారు. ఆ తేదీని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

కొన్ని కంపెనీలు ఒకే గదికి రెండు ధరలు చూపిస్తాయి. ఒకటి కాస్త ఎక్కువ. దానికి కట్టిన డిపాజిట్, ఫైనల్ పేమెంట్ తేదీ లోపల మానుకుంటే తిరిగి ఇచ్చేస్తారు. రెండోది తక్కువ. కాని డిపాజిట్ తిరిగి రాదు. తేదీగాని ఓడగాని మార్చుకుంటామన్నా మనిషికి ఇంతని రుసుము పట్టుకుంటారు. మనకిది కొత్తేమీ కాదు. కల్యాణ మండపానికి కట్టిన అడ్వాన్సు పెళ్ళి తప్పిపోతే తిరిగి వస్తుందా? కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ రద్దు చేసుకుంటే రైల్వేవారు పైసా ఇస్తారా? అలాంటిదే ఇదీను. కంపెనీవారి న్యాయం కంపెనీవారిది. ఓడ రేవు దాటాక ఖాళీ గదిని అమ్ముకోవడానికి ఉండదు గదా. తప్పకుండా వస్తామని మాట ఇచ్చినవాళ్ళకు ధర తగ్గిస్తారు.

ఇక మా సంగతి. మా అబ్బాయి సియాటిల్ దగ్గర ఉంటాడు. అక్కడినుంచి వేసవిలో అలాస్కాకు ఏడు రాత్రుల ఓడలు బయలుదేరతాయి. జూనో, స్కాగ్వే, కెచికాన్ అనే ఊళ్ళు చూపించి, మంచుకొండలు సముద్రంలోకి దిగే చోటికి తీసుకెళ్తాయి. 2023 మార్చిలో నేనూ, మా ఆవిడా వెళ్ళాం. ఏప్రిల్‌లో మావాడు ఆగస్టు ఆఖరు వారానికి రెండు గదులు చూశాడు. మేమిద్దరం, వాళ్ళిద్దరు, మనవరాలు, మొత్తం అయిదుగురం. తిరిగొచ్చే డిపాజిట్‌కీ, తిరిగిరానిదానికీ అందరికీ కలిపి తేడా 300 డాలర్లు. అంటే అప్పటి మారకం ప్రకారం పాతికవేల దాకా. మా కోడలు, "మామయ్యగారూ, ఎక్కువైనా తిరిగొచ్చేదే తీసుకుందాం, మీ కెనడా వీసాలు ఇంకా రాలేదు" అంది.

ఇక్కడ కెనడా ఎందుకు వచ్చిందో చెప్పాలి. ఆ పెద్ద ఓడలు దాదాపు అన్నీ పరాయి దేశాల జెండా మీద నడిచేవి. 1886లో అమెరికావారు చేసిన చట్టం ఒకటుంది. దాని ప్రకారం విదేశీ ఓడ అమెరికా రేవులో ఎక్కించుకున్న ప్రయాణికులను అమెరికా రేవులే తిప్పి తీసుకురాకూడదు, దారిలో ఏదో ఒక విదేశీ రేవును తాకాలి. అందుకని సియాటిల్ ఓడలు కెనడాలోని విక్టోరియా దగ్గర కొన్ని గంటలు ఆగుతాయి. మన పాస్‌పోర్టు మీద వెళ్ళే సందర్శకులకు అమెరికా వీసా ఒక్కటే ఉంటే సరిపోదు, కెనడా వీసా కూడా కావాలి. "మేం దిగం, ఓడలోనే కూర్చుంటాం" అన్నా కుదరదు. అది లేకపోతే సియాటిల్‌లోనే ఎక్కనివ్వరు.

కోడలు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ సబబు. కాని నేను పాతికవేలు దండగ అన్నాను. "వీసా వస్తుందిలే అమ్మా, రాకపోవడానికి మనమేం నేరం చేశాం" అన్నాను. మంజూరు ఉత్తర్వు చేతికి రాకుండా అడ్వాన్సు చెల్లించినందుకు ఎంతమంది గుమాస్తాలకు నేను ఆడిట్ అభ్యంతరాలు రాశానో! నా ఇంట్లో నేనే ఆ పని చేశాను. మనిషికి 250 చొప్పున 1250 డాలర్లు, మన సొమ్ములో లక్ష పైచిలుకు, తిరిగిరాని డిపాజిట్‌గా కట్టించాను.

మే 8న బొబ్బిలినుంచి వదిన ఫోన్ చేసింది. అన్నయ్యకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది, విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్తున్నామని. మా నాన్న పోయాక నన్ను చదివించింది అన్నయ్యే. నా బి.కాం. ఫీజు కోసం సైకిలు అమ్మేసి, రెండేళ్ళు మిల్లుకి నడిచి వెళ్ళాడు. ఆ మర్నాడు ఆయనతోనే మాట్లాడాను. "ఒరేయ్, నాకేం ఫరవాలేదు. ఓడెక్కి రా, వచ్చాక చెబుదువుగాని" అన్నాడు. మాటకీ మాటకీ మధ్య ఆయాసం వినిపిస్తూనే ఉంది.

ఆ సంగతి నేను మా అబ్బాయికి చెప్పలేదు. చెబితే ప్రయాణం మానేద్దామంటాడు, లక్ష రూపాయలు పోతాయి. పైగా తిరిగిరానిది తీసుకుందామన్నది నేనే. మా ఆవిడ చేత కూడా ఒట్టు వేయించుకున్నాను. రోజూ రాత్రి అందరూ పడుకున్నాక వరండాలోకి వెళ్ళి వదినకు ఫోన్ చేసేవాణ్ణి. "కాస్త నయం" అంటే ఒక రోజు గడిచేది. "అలాగే ఉంది" అంటే, ఇంకో రెండు రోజులు చూద్దాం అనుకునేవాణ్ణి. ఇలా పన్నెండు రోజులు గడిచాయి. మే 20న మా అన్నయ్య కొడుకు నేరుగా మావాడికే ఫోన్ చేశాడు.

మావాడు నన్నొక్క మాట అనలేదు. "నాన్నగారూ, ఈ డబ్బు కోసమా ఆగారు?" అని మాత్రం అడిగాడు. అదే రాత్రి మా తిరుగు టికెట్లు ముందుకు జరిపించాడు. ఓడ ప్రయాణం మొత్తం రద్దు చేసేశాడు. "మీరు లేకుండా మేం వెళ్ళి ఏం చూస్తాం" అన్నాడు. డిపాజిట్ పోయింది. కంపెనీవారిని అనడానికి ఏమీ లేదు. నిబంధన ముందే రాసి ఉంది, చదివే సంతకం పెట్టాం.

మే 24న విశాఖ చేరాను. అన్నయ్య నన్ను గుర్తుపట్టాడు. మొదటి నాలుగు రోజులు మాట్లాడాడు కూడా. తరువాత మాట పోయింది. నేను వెళ్ళాక పందొమ్మిది రోజులున్నాడు. కబురు తెలిసిన నాడే బయలుదేరి ఉంటే ముప్పై ఒక్క రోజులు ఉండేవాణ్ణి ఆయన దగ్గర. అందులో మాట్లాడగలిగిన రోజులు ఎక్కువగా ఉండేవి. ఈ తీసివేత నేను చాలాసార్లు చేశాను. ఎన్నిసార్లు చేసినా పన్నెండే వస్తుంది.

మిత్రులారా, నాకు అర్థమైనది ఇది. తిరిగిరాని డిపాజిట్‌తో పోయేది ఆ డబ్బు ఒక్కటే అనుకుంటాం. కాని ఆ డబ్బు పోతుందన్న భయం మన కాళ్ళకు బంధం వేస్తుంది. కదలాల్సినప్పుడు కదలనివ్వదు. ఎప్పుడో పోయిన సొమ్ము అని వదిలేస్తే లెక్క తేలిక. పోకుండా చూద్దామని కూర్చున్నానే, అక్కడే నేను దెబ్బతిన్నాను. తిరిగొచ్చేదానికి ఎక్కువ కట్టే ఆ 300 డాలర్లు గది కోసం కావు. అవసరమైనప్పుడు వెనకాడకుండా లేచి వెళ్ళే స్వేచ్ఛ కోసం అవి.

అలాగని తిరిగిరానిది ఎప్పుడూ తీసుకోకూడదని నేననను. వీసాలన్నీ చేతిలో ఉండి, ఇంట్లో పెద్దవాళ్ళ ఆరోగ్యాలు నిలకడగా ఉండి, సెలవు మంజూరై, ఫైనల్ పేమెంట్ తేదీ ఎలాగూ వారం పది రోజుల్లో ఉంటే, అప్పుడు తక్కువ ధరే మేలు. ఎందుకంటే రెండింటికీ తేడా ఆ తేదీ వరకే. ఆ తేదీ దాటాక తిరిగొచ్చేదని కొన్నా సరే, రద్దు చేసుకుంటే కోత అందరికీ ఒకటే. ఓడ బయలుదేరే రోజు దగ్గరపడేకొద్దీ ఆ కోత పెరుగుతుంది. చివరికి టికెట్ సొమ్ము మొత్తం పోతుంది. "రిఫండబుల్ తీసుకున్నాం, ఎప్పుడైనా మానుకోవచ్చు" అనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. అది పొరపాటు. ప్రయాణం చేయకపోతే ప్రభుత్వ పన్నులు, రేవు రుసుములు మాత్రం సాధారణంగా వెనక్కి ఇస్తారు, అడిగి తీసుకోండి.

బీమా ఉంది గదా అంటారు. మనం అమెరికా వెళ్ళేటప్పుడు తీసుకునే ఆరోగ్య బీమా వేరు, ప్రయాణం రద్దయితే ఇచ్చే బీమా వేరు. రెండోది తీసుకునేటప్పుడు రెండు సంగతులు కాగితం మీద చూసుకోవాలి. ముందునుంచే ఉన్న జబ్బు వల్ల రద్దయితే ఇస్తారా? మనతో ప్రయాణం చేయని అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు జబ్బు చేస్తే ఇస్తారా? మన వయసులో బి.పి., షుగరు లేని ఇల్లు లేదు గనుక మొదటిది మరీ ముఖ్యం. కొన్ని బీమాలలో ఈ సదుపాయం కావాలంటే డిపాజిట్ కట్టిన రెండు మూడు వారాల్లోపలే పాలసీ తీసుకోవాలి.

ఏజెంటు ద్వారా కొంటే ఇంకొక్క ప్రశ్న. కంపెనీ డిపాజిట్ తిరిగి ఇచ్చినా, ఏజెంటు తన రద్దు రుసుము విడిగా పట్టుకుంటాడా అని అడగండి. జవాబు నోటితో కాకుండా రాతలో తీసుకోండి. డబ్బు పిల్లలదే అయినా ఈ నాలుగు ప్రశ్నలూ వేయడం మన బాధ్యత. వాళ్ళు మనల్ని సంతోషపెట్టాలన్న తొందరలో ఉంటారు. కాగితం తీరిగ్గా చదివేవాళ్ళం మనమే.

చివరిగా, 2025 జూన్‌లో మేం అలాస్కా చూశాం. ఈసారి ముందు కెనడా వీసాలు వచ్చాయి, తరువాతే గది బుక్ చేశాం. వీసాలు ఉన్నా తిరిగొచ్చే డిపాజిట్టే కట్టించాను. వదిన ఒక్కతే ఉంటోంది, ఆమె ఆరోగ్యం అంతంతమాత్రం. మావాడు నవ్వి, "ఇప్పుడు లెక్క మారిందా నాన్నగారూ" అన్నాడు. ఆ డిపాజిట్ వెనక్కి తీసుకోవలసిన అవసరం రాలేదు. వదిన బాగానే ఉంది, మేమూ వెళ్ళి వచ్చాం. ఎక్కువ కట్టిన డబ్బు వృథా అయిందని మా ఆవిడగాని నేనుగాని ఒక్కసారీ అనుకోలేదు. విక్టోరియాలో ఓడ ఆగినప్పుడు దిగి, వదినకు ఫోన్ చేశాను. "ఓడెక్కి వచ్చాక చెబుదువుగాని అన్నారు గదయ్యా ఆయన, ఇప్పుడు నాకు చెప్పు" అంది. చెప్పాను.