ఎయిర్ రైఫిల్ గురి తప్పుతోందా? స్కోప్ కొనే ముందు ఇది చూడండి

ఎల్బీ నగర్ నుంచి ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు: "అన్నా, నా ఎయిర్ రైఫిల్‌కి గురి అస్సలు కుదరట్లేదు, ఏ స్కోప్ కొనాలి?" తమ్ముడూ, ఆగు. డబ్బులు జేబులోనే పెట్టుకో. ఇదే పని నేనూ చేశా.

నాది బ్యారెల్ వంచి ఒక్కో పెల్లెట్ పెట్టి కాల్చే స్ప్రింగ్ రైఫిల్, 4.5 మి.మీ. పది మీటర్ల నుంచి ఐదు కాలిస్తే అరచేయంత మేర చెల్లాచెదురు. బ్యారెలే పాడైందనుకున్నా. దిల్‌సుఖ్‌నగర్ రూమ్‌లో కూర్చుని ఆన్‌లైన్‌లో స్కోప్ ఆర్డర్ పెట్టా. రెండు వారాలకే దాని లోపల ఏదో లూజైపోయింది, గురి ఇంకా చెడింది. రూమ్మేట్ ఇప్పటికీ నవ్వుతాడు.

అసలు కారణం తర్వాత తెలిసింది. ట్రిగ్గర్ నొక్కగానే లోపల బరువైన పిస్టన్ ముందుకు దూసుకెళ్తుంది. దాంతో గన్ ముందు వెనక్కి కదిలి, పిస్టన్ ఆగేసరికి మళ్లీ ముందుకు కుదుపు ఇస్తుంది. ఇదంతా పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లో ఉండగానే మొదలవుతుంది! ఈ రెండు వైపుల దెబ్బకి మామూలు స్కోప్ తట్టుకోదు. పైగా నేను గన్‌ని బిగించి పట్టుకునేవాణ్ణి, అదీ ప్రతిసారీ వేరే బిగువుతో. అంటే ప్రతి షాట్‌కీ గన్ వేరేలా కదులుతోంది.

రేంజ్‌లో ఒక కోచ్ గారు నా ఎడమ చెయ్యి తెరిపించి, గన్‌ని అరచేతిలో ఊరికే ఆనించమన్నారు. ప్రతిసారీ అదే చోట. భుజానికీ మెల్లగా తాకించాలంతే. పెల్లెట్ వెళ్లాక కూడా ఒక క్షణం అలాగే కదలకుండా ఉండాలి. సగం సమస్య అక్కడే పోయింది.

మిగతాది మన డీబగ్గింగే. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మొదట స్టాక్ స్క్రూలు చూడండి, కుదుపుకి అవి వదులవుతూనే ఉంటాయి. తర్వాత నాలుగైదు రకాల పెల్లెట్లు కొని, ఒక్కో రకంతో పది కాల్చి చూడండి. ఖరీదైనదే మీ బ్యారెల్‌కి నచ్చాలని లేదు. అంచు నొక్కుకుపోయినవి పక్కన పడేయండి. పెల్లెట్ లేకుండా మాత్రం కాల్చొద్దు, పిస్టన్ దెబ్బతింటుంది.

సైట్ తిప్పడం అన్నిటికన్నా చివర. పది షాట్లూ ఎడమకి పడినా ఒకేచోట గుంపుగా ఉంటే సంతోషించండి, రెండు క్లిక్కులతో సెట్ అయిపోతుంది. చెల్లాచెదురుగా ఉంటే ఏ సైటూ కాపాడదు.

మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. ఆ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటర్! వాళ్ల గన్‌లు కంప్రెస్డ్ ఎయిర్‌వి, కుదుపు దాదాపు ఉండదు. మన స్ప్రింగ్ గన్‌తో పోల్చుకుని బాధపడకండి.

"కుందేలుకి పనికొస్తుందా బ్రో" అని అడిగేవాళ్లకి: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, జైలుకెళ్తారు. 4.5 మి.మీ., 20 జౌల్స్ దాటని గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు నిజమే, కానీ చైతన్యపురిలో డాబా మీద కాల్చొద్దు. పక్క బిల్డింగ్‌లో బట్టలారేసే ఆంటీ ఉంటారు. రేంజ్‌కి వెళ్లండి.

ఇప్పుడు నావి ఐదూ రూపాయి బిళ్ల కింద దాక్కుంటున్నాయి, అదీ స్కోప్ లేకుండా. తమ్ముడూ, స్క్రూలు బిగించి పది కాల్చి, ఆ కాగితం ఫోటో కామెంట్‌లో పెట్టు. చూసి చెప్తా.