గీత పడకుండా కారు కడగడం



పట్నంలో అపార్టుమెంట్లు పెరిగాయి. కార్లూ పెరిగాయి. వాచ్‌మన్ ఇంట్లో ఆడవాళ్లే చాలాచోట్ల ఆ కార్లు కడుగుతారు. ఆ డబ్బుతో పిల్లల ఫీజు కడతారు.

ఒక అక్క సంగతి అనుకుందాం. నీళ్లు రాలేదు. ఆమె పొడిగుడ్డ తీసుకుంది. కారును గట్టిగా తుడిచింది. దుమ్ము పోయింది. ఎండ పడ్డాక చూస్తే రంగు మీద సన్నని గీతలు! "నువ్వే గీశావు. జీతంలో పట్టుకుంటా" అన్నాడు కారాయన. ఆమె దగ్గర జవాబు లేదు.

తప్పు ఎక్కడ జరిగింది?

కారు మీద దుమ్ములో సన్న ఇసుక ఉంటుంది. పొడిగుడ్డతో రుద్దితే ఆ ఇసుక రంగును గీకుతుంది. వడ్రంగి చెక్కను రుద్దే గరుకు కాగితం లాంటిదే అది. కారు రేకు మీద ప్రైమరు, దానిమీద రంగు, ఆపైన మెరిసే పొర ఉంటాయి. ఈనాటి కార్లలో ఆ పైపొర చాలా పల్చన. గట్టిగా రుద్దితే గీతలు పడతాయి. అందుకే ఒక్క మాట గుర్తుంచుకోండి. ముందు తడపాలి, తర్వాతే తుడవాలి.

పైపు లేకపోయినా పరవాలేదు. మూడు బకెట్ల నీళ్లు చాలు. ఒక్కొక్కటి 15 లీటర్లు అనుకుంటే మొత్తం 45 లీటర్లు. పైపు వదిలేస్తే అన్ని నీళ్లు కొద్ది నిమిషాల్లోనే పోతాయి. 2024 మార్చిలో బెంగుళూరులో నీటి కరువు వచ్చింది. తాగే నీళ్లతో కార్లు కడిగితే 5,000 రూపాయలు జరిమానా అని అక్కడి నీటి బోర్డు ప్రకటించింది. నీటి విలువ అంతటిది.

ఇక పని ఎలా చేయాలో చూడండి.

కారు నీడలో ఉండాలి. ఎండకు కాలిన రేకు మీద సబ్బునీళ్లు తొందరగా ఆరిపోయి మచ్చలు కడతాయి. గాజులు పైకి తోసుకోండి. ఉంగరం తీసి కొంగున ముడేసుకోండి. ఇవి తగిలినా గీతలు పడతాయి.

మొదటి బకెట్ నీళ్లు చెంబుతో కారు పైకప్పు నుంచి కిందికి మెల్లగా పోయండి. రుద్దకండి. మట్టి నానుతుంది. చాలా మట్టి జారిపోతుంది. పిట్ట రెట్ట ఎండి ఉంటే తడిగుడ్డ కప్పి కొద్దిసేపు ఆగండి. మెత్తబడ్డాక నెమ్మదిగా ఎత్తేయండి. గోటితో గీకకండి.

రెండో బకెట్‌లో కారు షాంపూ కలపండి. ఎంత కలపాలో డబ్బా మీద రాసి ఉంటుంది. కూడబలుక్కుని అయినా సరే, మీరే చదవండి. బట్టల పొడి, గిన్నెల సబ్బు వాడకండి. గిన్నెలు తోమే పీచు అసలే వద్దు.

మూడో బకెట్‌లో మంచినీళ్లు. ఇది గుడ్డ జాడించడానికి.

మెత్తని మైక్రోఫైబర్ గుడ్డను షాంపూ నీళ్లలో ముంచండి. పైనుంచి కిందికి తుడవండి. గుండ్రంగా తిప్పకండి. ఒక్క తలుపు అవగానే మంచినీళ్లలో జాడించి పిండండి. మళ్లీ షాంపూలో ముంచండి. అప్పుడు మట్టి తిరిగి కారు మీదికి రాదు. గుడ్డ కింద పడిందా? బాగా ఉతికేదాకా దాన్ని కారుకు తగిలించకండి. నురగ ఆరకముందే శుభ్రమైన తడిగుడ్డతో తీసేయండి. వెంటనే ఇంకో మెత్తని పొడిగుడ్డతో తడి అద్దండి. బోరునీళ్లు ఆరితే తెల్ల మచ్చలు పడతాయి.

చక్రాలు చివర కడగండి. వాటి గుడ్డ వేరు. ఆ గుడ్డతో పైన తుడవకూడదు.

బురద గట్టిగా పట్టి ఉందా? నీళ్లు చాలవా? ఆరోజు కడగకండి. "నీళ్లు లేవండీ, పొడిగా తుడిస్తే గీతలు పడతాయి. రేపు కడుగుతాను" అని ముందే చెప్పండి. చెప్పడం తప్పు కాదు.

ఇంకొక్క సంగతి. కొత్త కారు ఒప్పుకునేటప్పుడు చుట్టూ తిరిగి చూడండి. పాత గీతలు ఉంటాయి. ఒక నోటుపుస్తకంలో తేదీ రాయండి. కారు నంబరు రాయండి. "ఎడమ పక్క, ముందు తలుపు, జానెడు గీత" అని రాయండి. కారాయనకు చూపించి సంతకం పెట్టించుకోండి. రేపు ఎవరైనా "నువ్వే గీశావు" అంటే ఆ పేజీ తెరిచి చూపండి.

నిన్నటిదాకా ఆ అక్క వేలిముద్ర వేసింది. ఇవాళ ఆమెకు రాయడం వచ్చు. కారు మీద గీత పడకూడదు. పుస్తకంలో రాత పడాలి. ఆ రాతే ఆమె కూలికి కాపలా.