పొలం ఎవరిదైతే నీళ్లూ వాళ్లవేనా?



పొద్దుటినుంచీ భూమి పట్టాల గురించి మాట్లాడుకుంటున్నాం. ఆ పట్టా కింద, వందల అడుగుల లోతున ఉన్న నీటి గురించి నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

దర్శి వైపు ఒక పల్లెలో, కౌలుకు మిరప వేసిన ఒక అక్క ఇంట్లో రెండు రోజులున్నాను. ఆమెకు పొలం లేదు, బోరూ లేదు. పక్క ఆసామి బోరు నుంచి నీళ్లు కొంటుంది. "2004 నుంచీ వ్యవసాయానికి కరెంటు ఉచితం గదా అక్కా, మరి నీళ్లకు డబ్బెందుకు?" అన్నాను. ఆమె నవ్వింది. "ఉచితం ఆయనకు మేడమ్. నాకు గంట లెక్కే." నా థీసిస్‌లో ఒక అధ్యాయమంతా రాసినా ఇంత సూటిగా చెప్పలేకపోయాను.

దీని వేరు పాత చట్టంలో ఉంది. నిర్ణీతమైన ప్రవాహంగా పారని భూగర్భ జలాన్ని తన హద్దుల్లో తోడుకునే హక్కు భూమి సొంతదారుదేనని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం చెప్పింది. నీళ్లు గట్టు చూసి ఆగవు. లోతుగా బోరు దింపగలిగినవాడు చుట్టుపక్కల బావుల నీటినీ లాగేసుకుంటాడు. సాగర్ కుడికాలువ చివరి భూములకు నీళ్లందని ఏడాది మిరపకు బోరే దిక్కు కాబట్టి ఈ పోటీ ఇంకా పెరుగుతుంది. ఇక భూమి ఎవరి పేర ఉంది? మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా వచ్చినా, అప్పటికే పెళ్లయినవాళ్లను ఆ సవరణ వదిలేసింది. వాళ్లు 2005 దాకా ఆగాల్సి వచ్చింది. వాటా ఉన్నచోట కూడా కరెంటు కనెక్షన్ ఎవరి పేర ఉందో అడిగి చూడండి.

2002లో వాల్టా చట్టం వచ్చింది. బావులు నమోదు చేయించాలంది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదంది. మంచి చట్టమే. కానీ ఫిర్యాదు చేయాల్సింది ఎవరు? చేతిపంపు ఎండిపోయిన కాలనీ ఆడవాళ్లు. వాళ్లు కూలికి పోయేది ఆ బోరు ఆసామి చేలోకే. అర్జీ మీద వేలిముద్ర వేస్తే మర్నాడు కోతకు పిలుపు రాదు. ఈ భయాన్ని లెక్కలోకి తీసుకోకుండా "చైతన్యం లేదు" అని రిపోర్టులు రాసే మన అలవాటు మానుకోవాలి.

తాగే నీళ్ల ధర ఇంకో సంగతి. కనిగిరి ప్రాంతం అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి 1937లోనే వైద్య పత్రికలో వచ్చింది. 2014 అక్టోబరు 2న మొదలైన ఎన్టీఆర్ సుజల స్రవంతిలో 20 లీటర్లకు 2 రూపాయలన్నారు. అంటే వెయ్యి లీటర్లకు వంద. చౌకే అనిపిస్తుంది. అదే నేల నుంచి వేల లీటర్లు తోడే మోటారుకు బిల్లు సున్నా!

అందుకని వెంటనే మీటర్లు పెట్టమంటారా అని అడుగుతారు. నేను అనను. 2000 ఆగస్టులో బషీర్‌బాగ్‌లో కరెంటు ఛార్జీల మీద జరిగిన కాల్పులు మరిచిపోలేం. పైగా ఆసామికి వేసిన బిల్లు చివరికి నా కౌలు అక్క గంట లెక్కలోకే వచ్చి పడుతుంది. ముందు తాగునీటికీ, కౌలుదార్లకూ వాటా తేలాలి. ఆ పైన తోడినవాటికే ధర.

వాటా తేల్చాలంటే ఎంత నీరుందో తెలియాలి. ఎఫ్.ఏ.ఓ. సాయంతో ప్రకాశంతో సహా ఏడు జిల్లాల్లో నడిచిన భూగర్భ జలాల ప్రాజెక్టులో రైతులే, ఆడవాళ్లు కూడా, వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు నీటి బడ్జెట్ వేశారు. ఏ పంట వేయాలన్నది మాత్రం పొలం ఉన్నవాళ్ల ఇష్టానికే వదిలారు. భూమి లేనివాళ్లకు అక్కడ మాట తక్కువే.

మీరు పనిచేసే ఊళ్లో ఒక్క పని చేయండి. ఏ బోరు ఎవరి పేర ఉంది, వాల్టా కింద నమోదైందా, నీళ్లు కొనేదెవరు, గంటకెంత అని రాసుకు రండి. సంక్రాంతి లోపే వెళ్లండి. మిరప కోతలు ఊపందుకుంటే ఆడవాళ్లెవరూ ఇళ్ల దగ్గర దొరకరు.