మందుల వల్ల అలసట – నా అనుభవం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ దయాధర్మం కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందుకే ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. డి.ఏ. సంగతులు పెద్దలు మాట్లాడారు. నాకిచ్చిన పది నిమిషాల్లో మందుల వల్ల వచ్చే అలసట గురించి చెబుతాను. నేను డాక్టర్ని కాను, 34 ఏళ్ళు గుమాస్తాగా ఫైళ్ళు నడిపినవాణ్ణి. అనుభవించినది, మా డాక్టరు గారి వద్ద తెలుసుకున్నది మాత్రమే మనవి చేస్తాను.

రెండేళ్ళ క్రితం బి.పి. అదుపులోకి రాక నా అటెనొలాల్ మాత్రను 25 నుంచి 50 మిల్లీగ్రాములకు పెంచారు. అదే వారం జలుబు చేస్తే మందుల షాపులో అడిగి సెట్రిజిన్ తెచ్చుకున్నాను. జలుబు తగ్గినా మూడు వారాలు వేసుకుంటూనే ఉన్నాను. పేపరు చేతిలో ఉండగానే కునుకు. మేడ మెట్లెక్కితే కాళ్ళు లాగేసేవి. "డెబ్బై దాటాయి కదండీ, ఉండదా మరి" అంది మా ఆవిడ. నేనూ అంతే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం మనవరాలిని బడి నుంచి తీసుకురావలసినవాణ్ణి పడక కుర్చీలో నిద్రపోయాను. ఆరేళ్ళ పిల్ల గంటసేపు గేటు దగ్గర ఆయమ్మతో నిలబడి ఉంది. కోడలు నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి మాత్రం ఆ పని వేరొకరికి అప్పగించారు. సర్వీసంతా ఒక్క మెమో తీసుకోని నాకు అది మెమో కంటే ఎక్కువే అనిపించింది.

ఆ రోషంలో బి.పి. మాత్ర మానేశాను. మూడో రోజుకు గుండె దడ, తలపోటు. బి.పి. 180/110. అటెనొలాల్ వంటి మందు ఒక్కసారిగా మానితే గుండెకే ముప్పని అప్పుడు తెలిసింది.

"వాడేవన్నీ రాసుకుని రండి" అన్నారు డాక్టరు గారు. ఇన్‌వర్డ్ రిజిస్టరులా గళ్ళు గీసి తీసుకెళ్ళాను. ఆయన మూడు చోట్ల టిక్కు పెట్టారు. అటెనొలాల్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది, కొందరికి దానివల్ల నీరసం వస్తుంది. సెట్రిజిన్ మగత తెస్తుంది, మన వయసులో మరీను. మూడోది నేను ఊహించనిది. తొమ్మిదేళ్ళుగా వాడుతున్న షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ వల్ల కొందరిలో బి12 విటమిను తగ్గుతుందట. పరీక్షలో నాకు తగ్గినట్టే తేలింది. సెట్రిజిన్ మాన్పించి, బి12 ఇంజెక్షన్లు ఇచ్చి, బి.పి. మందును క్రమంగా మార్చారు. రెండు నెలల్లో మళ్ళీ మనిషినయ్యాను.

ఇక మీకు నా మనవి:

1. మందు పేరు, మోతాదు, వేళ, మొదలుపెట్టిన తేదీ ఒక కాగితం మీద రాయండి. కంటి చుక్కలు, ఆయుర్వేదం, షాపులో అడిగి కొన్నవి కూడా చేర్చండి.

2. అలసట ఎప్పుడు మొదలైంది, ఏ వేళ ఎక్కువ అన్నది గుర్తుపెట్టుకోండి. కొత్త మందు తర్వాతే అయితే ఆ మాట చెప్పండి.

3. సొంతంగా మానవద్దు. బి.పి., గుండె, మూర్ఛ, నిద్ర మందుల విషయంలో మరీ జాగ్రత్త.

4. వేళ మార్చవచ్చా, మోతాదు తగ్గించవచ్చా, బదులు మందు ఉందా అని అడగండి. రక్తహీనత, థైరాయిడ్, సోడియం తగ్గడం వల్ల కూడా నీరసం రావచ్చు. పరీక్ష అవసరమా అనీ అడగండి.

5. మగత పోయేదాకా స్కూటరు తీయవద్దు. మంచం మీంచి ఒక్కసారిగా లేవవద్దు. షుగరు మందు వాడేవారికి చెమట, వణుకు వస్తే వెంటనే షుగరు చూసుకోవాలి, చూసే వీలు లేకపోతే పంచదార నోట్లో వేసుకోవాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం, మాట తడబడడం ఉంటే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి.

పెన్షన్ కోసం కోర్టు దాకా వెళ్ళినవాళ్ళం, "ఈ మాత్ర దేనికండీ" అని అడగడానికి మొహమాటపడకూడదు. కుటుంబ సభ్యులకూ ఒక మాట. ఇంట్లో పెద్దవారు పగలంతా కునికిపాట్లు పడుతుంటే వయసు మీదకు నెట్టేయకండి, ఒకసారి మందుల డబ్బా తెరిచి చూడండి.

ఇప్పుడు మనవరాలిని మళ్ళీ నేనే తీసుకొస్తున్నాను. మూడున్నరకు బడి వదిలితే మూడింటికే గేటు దగ్గర ఉంటాను.